పాత సాంచాలు, పాత ల్యాప్‌టాప్‌లు: బరువు తగ్గించినోళ్లు లోపల ఏం తీసేసిన్రు?

పోస్టు పెద్దగనే ఉంటది. స్కాలర్‌షిప్ పైసలు పడంగనే సెకండ్ హ్యాండ్ ల్యాప్‌టాప్ కొందామని చూస్తున్నవాళ్లు చివరిదాకా చదవండి. మిగతావాళ్లు తీరిక ఉన్నప్పుడు చదవొచ్చు.

గ్రూపులో మాటిమాటికి వచ్చే ప్రశ్న ఒకటుంది. "అన్నా, జగిత్యాలలో ఒక షాపుల సన్నటి ల్యాప్‌టాప్ ఉంది, పదహారు వేలు చెప్తున్నడు, తీసుకోవాల్నా?" అని అడిగి ఒక ఫోటో పెడతరు. ఫోటోల మూత, మూత మీద కంపెనీ గుర్తు తప్ప ఏం కనబడదు. ఎద్దు కొమ్ములకు రంగు పూసి, ఆ కొమ్ముల ఫోటో పంపి "ఇది దుక్కి దున్నుతదా" అని అడిగితే మన తాతలు ఏమంటరు? ముందు నోరు తెరిచి పండ్లు చూపియ్యమంటరు. రెండు పండ్లదా, నాలుగు పండ్లదా, ఆరు పండ్లదా చూస్తరు. తర్వాత నడిపిస్తరు, గిట్టలు చూస్తరు, మెడ మీద కాడి పుండు ఉందా చూస్తరు. అంగడిల అమ్మేటోడు ఎంత పొగిడినా చెవిన పెట్టరు.

ల్యాప్‌టాప్‌ను అట్ల పరీక్ష చేసేటోళ్లు మన ఇండ్లల్ల లేరు. మనలో చాలామందిమి కాలేజీ గడప తొక్కిన మొదటి తరం. పదహారు వేలంటే అమ్మ బీడీలు చుట్టిన పైసలో, పత్తి అమ్మంగ వచ్చిన పైసలో, లేకుంటే ఏడాది స్కాలర్‌షిప్పో. ఆరు నెలలకు ఆ మిషన్ ఆగిపోతే రెండోది కొనే ముచ్చటే ఉండదు, డిగ్రీ అయిపోయేదాకా ఫోన్ మీదనే. అందుకే మేం హాస్టల్ల నలుగురం కూసొని చదివి, షాపులు తిరిగి, తెలుసుకున్నది రాస్తున్నం. పాత సన్నటి ల్యాప్‌టాప్ కొనొచ్చా లేదా అన్నది దాని ధరను బట్టి తేలదు, మెరుపును బట్టి తేలదు. అది ఏ సంవత్సరం పుట్టింది, బరువు తగ్గించడానికి కంపెనీ లోపల నుంచి ఏం తీసేసింది అన్నదాన్ని బట్టి తేలుతది. అంటే దాని చరిత్ర తెలియాలె.

ఆ చరిత్రకు ముందు ఒకసారి సిరిసిల్ల పోయి వద్దాం. పాత యంత్రం కొని బతకడం మన దిక్కు కొత్త కాదు.

వీర్నపల్లి, ఎల్లారెడ్డిపేట దిక్కు తండాల నుంచి సిరిసిల్లకు వచ్చేటోళ్లకు ఆ టకటక చప్పుడు తెలిసిందే. మరమగ్గాన్ని అక్కడ సాంచా అంటరు, నడిపించేటోళ్లను ఆసాములంటరు. ఆ పని మన కులాలది కాదు, ఎక్కువగా పద్మశాలీలది. చేనేత మీద బతుకు సాగక వాళ్ల పెద్దలు భీవండికి, షోలాపూర్‌కు, బొంబాయికి వలసపోయి అక్కడ మరమగ్గాల పని నేర్చుకున్నరు. సిరిసిల్లకు చేరిన సాంచాల్లో చాలా భాగం కొత్తవి కావు. మహారాష్ట్రలో వాడి వాడి తీసేసినవి. అక్కడ పాత ఇనుము లెక్క చూసిన మిషన్, ఇక్కడ వేల కుటుంబాలకు ఏండ్ల తరబడి అన్నం పెట్టింది.

ఎట్ల పెట్టగలిగింది? సాంచాను దగ్గర నుంచి చూసినోళ్లకు అర్థమైతది. మోటారు, బెల్టు, షటిల్, కండె, పన్నె, అన్నీ కండ్ల ముందరనే ఉంటయి. ఏది అరిగిందో చూస్తే తెలుస్తది. పానా పెట్టి బోల్టు విప్పితే భాగం చేతికొస్తది. ఆ భాగం ఊర్లనే దొరుకుతది, దొరక్కపోతే ఇంకో పాత సాంచా నుంచి తీసి పెడతరు. బాగుచేసే మెకానిక్ అదే గల్లీల ఉంటడు. పాత మిషన్‌ను బతికించింది ఈ మెకానిక్, ఈ విడిభాగాలు. సాంచా గొప్పతనం ఒక్కటే కాదు.

అదే చరిత్రల రెండో సగం కూడా ఉంది. బయట పెద్ద మిల్లులల్ల షటిల్ లేని మగ్గాలు, రేపియర్లు, ఎయిర్ జెట్‌లు వచ్చినయి. అవి వేగంగా నేస్తయి, బట్టల తప్పులు తక్కువ. సిరిసిల్ల పాత సాంచా చెడిపోలేదు, నిన్నటి లెక్కనే ఆడుతున్నది, కానీ అది నేసిన బట్టకు గిరాకీ తగ్గింది. నూలు ధర, కరెంటు బిల్లు, అప్పులు, ఇవన్నీ దానికి తోడైనయి. 2000 తర్వాత కొన్నేండ్లు సిరిసిల్ల పేరు పేపర్లల్ల వచ్చిందంటే నేతకార్మికుల ఆత్మహత్యల వార్తతోనే వచ్చేది. మళ్లీ 2017ల బతుకమ్మ చీరల ఆర్డర్లు రాంగనే అవే సాంచాలు రాత్రింబగళ్లు ఆడినయి. మిషన్ మారలేదు, దానికి పని ఇచ్చే లోకం మారింది.

మన దాంట్ల కూడా ఇసుంటి కథ ఉంది. లంబాడ తాతముత్తాతలు లదేణి చేసేటోళ్లు. ఎడ్ల మీద ఉప్పు, ధాన్యం వేసుకొని దక్కన్ అంతా తిరిగిన్రు, మొఘలుల సైన్యాలకు, నిజాం సైన్యాలకు తిండి మోసిన్రు. తర్వాత రోడ్లు, రైళ్లు వచ్చినయి, లదేణి ఆగిపోయింది. ఎద్దుకు ఏం రోగం రాలేదు. ఎద్దు నడక అదే, బలం అదే.

కాబట్టి పాత మిషన్ ఏదైనా రెండు ప్రశ్నలు అడగాలె. చెడిపోతే మన దగ్గర బాగుచేయగలుగుతమా? మంచిగ ఉన్నా, దానికి ఇంకా ఎన్నేండ్లు పని దొరుకుతది? ఈ రెండు ప్రశ్నలు పట్టుకొని ఇగ ల్యాప్‌టాప్‌ల చరిత్రలోకి పోదాం.

చేత పట్టుకొని పోయే కంప్యూటర్ అని మొదట్ల బాగా అమ్ముడుపోయింది ఆస్బోర్న్ 1, 1981ల వచ్చింది. బరువు దగ్గరదగ్గర 11 కిలోలు. పది కిలోల బియ్యం సంచి కంటే ఎక్కువ! అప్పటి నుంచి కంపెనీలన్నీ బరువు తగ్గించే పోటీలనే ఉన్నయి. 1996ల తోషిబా లిబ్రెట్టో కిలో లోపలే వచ్చింది, కానీ అది బాగా పైసలున్న ఆఫీసరు సంచిలకే.

పేద పిల్లల కోసం అని కూడా కొన్ని వచ్చినయి, వాటి ముచ్చట చిన్నగ చెప్తం. 2005ల నికోలస్ నెగ్రోపోంటే అనే ప్రొఫెసర్ ప్రపంచంల ప్రతి పిల్లకు వంద డాలర్ల ల్యాప్‌టాప్ అన్నడు. మన దేశ మానవ వనరుల శాఖ 2006ల వద్దన్నది. తయారై వచ్చేసరికి వంద డాలర్లది దాదాపు రెండింతలైంది. 2011 అక్టోబర్ 5న మన కేంద్ర ప్రభుత్వం ఆకాశ్ అనే చవక ట్యాబ్లెట్ విడుదల చేసింది. దాని గురించి విన్నోళ్లే తప్ప దాని మీద చదువుకున్నోళ్లు మాకు ఇప్పటిదాకా తగలలేదు. పేదల పేరు మీద చేసిన మిషన్లు మన దాకా రాలేదు. హైటెక్ సిటీల, బెంగళూరుల పెద్ద కంపెనీలు మూడు నాలుగేండ్లు వాడి తీసేసినవి మాత్రం వచ్చినయి. అవి లాట్లు లాట్లుగా సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్ అసుంటి మార్కెట్లకు చేరి, తుడిచి, కొత్త స్టిక్కర్ వేసుకొని కరీంనగర్, జగిత్యాల షాపులకొస్తయి. భీవండి సాంచా సిరిసిల్లకు వచ్చిన తొవ్వ అసుంటిదే ఇది.

2007ల ఆసుస్ ఈ పీసీ వచ్చింది. 7 అంగుళాల స్క్రీన్, 920 గ్రాములు, ధర తక్కువ. దాని వెనక నెట్‌బుక్‌ల వరద వచ్చింది, చాలావాటిల ఇంటెల్ ఆటమ్ ప్రాసెసర్. ఇప్పటికీ కొన్ని షాపులల్ల మూలకు ఒకటి ఉంటది, నాలుగు వేలు, ఐదు వేలు అంటరు. బుజ్జిగ ఉంటది, చేతిల పట్టుకుంటే తీసుకోబుద్ధి అయితది. తీసుకోవద్దు. ఇవాళ్టి బ్రౌజర్ల పది పేజీలు తెరిస్తేనే అది కూలబడుతది.

అసలు మలుపు 2008ల ఉంది. ఆ ఏడు జనవరి 15న స్టీవ్ జాబ్స్ స్టేజీ మీద ఆఫీసు కాగితాల కవరు నుంచి మ్యాక్‌బుక్ ఎయిర్ తీసి చూపించిండు. 1.36 కిలోలు. లోకమంతా నోరు తెరిచింది. కానీ ఆ సన్నదనం కోసం ఏం తీసేసిన్రో చూడండి. డీవీడీ డ్రైవ్ లేదు. నెట్ కేబుల్ పెట్టే రంధ్రం లేదు. యూఎస్‌బీ ఒక్కటే. బ్యాటరీని బయట నుంచి తీయరాదు. ర్యామ్ 2 జీబీ, అది బోర్డుకు అతికించి ఉంటది, రేపు పెంచుకుంటా అంటే కుదరదు. మరుసటి నెల ఫిబ్రవరిలనే లెనోవో థింక్‌ప్యాడ్ ఎక్స్300 తెచ్చింది. అది కూడా దాదాపు అంతే తేలిక, కానీ బ్యాటరీ ఊడదీసి పెట్టుకోవచ్చు, డీవీడీ డ్రైవ్ కూడా పెట్టుకోవచ్చు. ఒకటే ఏడు, ఒకటే బరువు, రెండు తొవ్వలు. ఒకటి బాగుచేసుకునే తొవ్వ, ఇంకోటి అతికించి మూసేసే తొవ్వ.

ఏ తొవ్వ గెలిచిందో తెలుసు కదా. 2011 మే నెలల ఇంటెల్ "అల్ట్రాబుక్" అనే పేరు ప్రకటించింది, సన్నటి ల్యాప్‌టాప్‌ల కోసం 30 కోట్ల డాలర్ల నిధి కూడా పెట్టింది. అన్ని కంపెనీలు మూసేసే తొవ్వ పట్టినయి. 2012ల వచ్చిన థింక్‌ప్యాడ్ ఎక్స్1 కార్బన్ల ర్యామ్ అతికించిందే. ఆఫీసుల కోసం చేసే చిన్న థింక్‌ప్యాడ్‌లు కొన్నేండ్లు ఆగినయి. ఎక్స్240 నుంచి ఎక్స్270 దాకా లోపల ఒక బ్యాటరీ, బయట ఊడదీసే బ్యాటరీ ఇంకోటి ఉండేవి. ల్యాప్‌టాప్ బంద్ చేయకుండనే బయట బ్యాటరీ మార్చుకోవచ్చు. కరెంటు పోయే తండాలకు ఇంతకంటే మంచి ఏర్పాటు ఏముంటది? ర్యామ్‌కు ఒక స్లాటు కూడా ఉండేది. 2018ల వచ్చిన ఎక్స్280ల బయట బ్యాటరీ పోయింది, ర్యామ్ స్లాటు పోయింది. బరువు కొంత తగ్గింది. ఆ తగ్గిన గ్రాముల రిపేరు ఖర్చు ఇవాళ దాన్ని పాతదిగా కొనే మన మీద పడుతది. కొత్తగ కొన్న కంపెనీ మూడేండ్లకే తీసేసింది కాబట్టి ఆ ఖర్చు వాళ్లకు కనబడనే లేదు.

మొదటి ప్రశ్న సంగతి ఇది. రెండో ప్రశ్నకు, అంటే ఎన్నేండ్లు పని దొరుకుతది అన్నదానికి, 2017 ఆగస్టు గుర్తుపెట్టుకోండి.

అప్పటిదాకా సన్నటి ల్యాప్‌టాప్‌లల్ల పెట్టే ఇంటెల్ ఐ5 అంటే రెండు కోర్లే. ఏడో తరం ఐ5 7200యూ కూడా రెండు కోర్లదే. 2017 ఆగస్టుల ఎనిమిదో తరం ప్రకటించిన్రు. ఐ5 8250యూల నాలుగు కోర్లు, అంతే తక్కువ కరెంటు. పేరు మీద "ఐ5" ఒకటే ఉంటది, లోపల కాడికి కట్టిన ఎడ్లు రెండింతలైనయి. షాపుల "ఐ5 అన్నా, మంచి ప్రాసెసర్" అంటే అదేం చెప్పినట్టు కాదు. ఐ5 తర్వాత అంకె చూడాలె. 6300 అంటే ఆరో తరం, 7200 అంటే ఏడు, 8250 అంటే ఎనిమిది, 10210 అంటే పది. మనం చూడాల్సిన పండ్లు అవే.

అనుకోకుండనో అనుకునో, మైక్రోసాఫ్ట్ కూడా అక్కడనే గీత గీసింది. 2021 అక్టోబర్ 5న విండోస్ 11 వచ్చింది. ఇంటెల్‌ల ఎనిమిదో తరం, ఆ తర్వాతి ప్రాసెసర్లకే దాన్ని అధికారికంగా ఇస్తమన్నరు, ఏవో ఒకటి రెండు తప్ప. టీపీఎం 2.0 అనే భద్రత చిప్ కూడా ఉండాలె. 2025 అక్టోబర్ 14న విండోస్ 10కు మామూలు సపోర్ట్ బంద్ అయింది. ఆ ఒక్క తారీకుతోటి ఆరో తరం, ఏడో తరం మిషన్లు కోట్ల కొద్ది పాత సాంచాలైనయి. ఏదీ చెడిపోలేదు. తెల్లారి కూడా అట్లనే ఆన్ అయినయి.

కంపెనీలు అసుంటివన్నీ వదిలించుకుంటున్నయి కాబట్టే ఇప్పుడు మార్కెట్ల అవి కుప్పలుగా ఉన్నయి, చవకగా ఉన్నయి. షాపాయన విండోస్ 11 ఎక్కించి చూపిస్తడు. అడ్డదారిల ఎక్కించొచ్చు, నిజమే. కానీ అసుంటి మిషన్‌కు అప్‌డేట్‌లు వస్తయని హామీ ఇయ్యమని మైక్రోసాఫ్టే చెప్పింది. "విండోస్ 11 నడుస్తుంది కదా" అన్న మాట మీద ఏడో తరం దానికి ఎనిమిదో తరం ధర పెట్టకండి.

అట్లని ఏడో తరం, ఆరో తరం మొత్తం పారేసేవి అని మేం అనం. ఇక్కడ మా హాస్టల్లనే రెండు అభిప్రాయాలున్నయి. లినక్స్ నేర్చుకునే ఓపిక ఉన్నోళ్లకు ఎక్స్260, ఎక్స్270, డెల్ లాటిట్యూడ్ 7280, హెచ్‌పీ ఎలైట్‌బుక్ 820 జీ3 అసుంటివి ఇంకా మంచి పనిముట్లే. లినక్స్ మింట్ గాని ఉబుంటు గాని వేస్తే అప్‌డేట్‌లకు ఢోకా ఉండదు. సీ, పైథాన్, జావా నేర్చుకోవడానికి, తెలుగుల టైపు చేయడానికి, నోట్స్ రాసుకోవడానికి చాలు. నాచుపల్లి జేఎన్‌టీయూ కాలేజీల కంప్యూటర్ సైన్స్ చదివేటోళ్లకు లినక్స్ వచ్చి ఉండుడు లాభమే తప్ప నష్టం లేదు. కానీ మీ కోర్సుల ఆటోక్యాడ్ ఉంటే, ట్యాలీ ఉంటే, విండోస్ మీదనే పెట్టే ఆన్‌లైన్ పరీక్షలు ఉంటే ఆ తొవ్వ పట్టకండి. ఆండ్రాయిడ్ యాప్‌లు తయారుచేయాలనుకునేటోళ్లకు 8 జీబీ ర్యామ్ కనీసం, అది కూడా ఇరుకే.

ఇగ కోరుట్ల సంగతి. కోరుట్ల, మెట్‌పల్లి, జగిత్యాల నుంచి గల్ఫ్‌కు పోనోళ్ల ఇల్లు దొరకదు, మన తండాల నుంచి కూడా దుబాయ్, మస్కట్ పోయినోళ్లు ఉన్నరు. 18 ఏండ్లు నిండిన ప్రయాణికుడు ఒక ల్యాప్‌టాప్ కస్టమ్స్ సుంకం లేకుండా తెచ్చుకోవచ్చు, అందుకే వచ్చేటప్పుడు ఒకటి పట్టుకొస్తరు. కొన్నాళ్లకు అది అమ్మకానికొస్తది. గుర్తుపట్టుడు అల్కగ ఉంటది: కీబోర్డు మీద ఇంగ్లిష్ పక్కన అరబీ అక్షరాలు, చార్జర్‌కు పలకల మూడు పిన్నులు. అరబీ అక్షరాలతోటి ఏ ఇబ్బంది లేదు, టైపు మామూలుగనే అయితది. చార్జర్ వైరు ఒక్కటి మార్చుకుంటే సరిపోతది. ఇంట్ల వాడిన మిషన్ కాబట్టి ఆఫీసు మిషన్ల కంటే తక్కువ అరిగి ఉండొచ్చు. భయం ఇంకో దగ్గర ఉంది: అది అక్కడి కంపెనీ ఉద్యోగికి ఇచ్చిన మిషనా అన్నది. కంపెనీ మిషన్ అయితే ఎన్నిసార్లు ఫార్మాట్ కొట్టినా ఇంటర్నెట్ తగలంగనే మళ్లీ ఆ కంపెనీ పేరుతోటి లాగిన్ అడగొచ్చు. అందుకే అమ్మేటోళ్ల ముందట్నే ఫార్మాట్ కొట్టించి, ఫోన్ హాట్‌స్పాట్ కలిపి, మన సొంత అకౌంట్‌తో లోపలికి పోయినంకనే పైసలియ్యాలె. మ్యాక్‌బుక్‌లకు కూడా ఇదే తాళం కథ. 2018 తర్వాత వచ్చిన ఎయిర్‌లల్ల యాక్టివేషన్ లాక్ ఉంటే, పాత యజమాని తీస్తే తప్ప అది పలకబండ కిందనే లెక్క.

మ్యాక్‌బుక్ పేరు వచ్చింది కాబట్టి ఆ ముచ్చట కూడా అయిపోగొడదాం. 2017 మ్యాక్‌బుక్ ఎయిర్ పదిహేను వేలకు దొరుకుతది, మూత మీద యాపిల్ బొమ్మ ఉంటది, దోస్తుల ముందర మంచిగ కనిపిస్తది. లోపల ఐదో తరం ప్రాసెసర్, అతికించిన ర్యామ్. దాని ఆపరేటింగ్ సిస్టమ్ మాంటెరీ దగ్గరనే ఆగిపోయింది. మా మాట వద్దనే. 2020 నవంబర్ల వచ్చిన ఎం1 ఎయిర్ మాత్రం వేరే లెక్క, అది నిజంగ మంచి మిషన్, కానీ మన బడ్జెట్‌ల రాదు. వచ్చినా, బోర్డు పోతే జగిత్యాలల ఎవరూ ముట్టరు.

షాపుల చూసే పద్ధతి చెప్తం. పగటిపూట పోండి, ఒక్కరు కాదు ఇద్దరు పోండి. తొందర చేస్తే బయటికొచ్చి చాయ్ తాగి మళ్లీ పోండి.

మొదట మిషన్ కింద స్టిక్కర్ మీద మోడల్ పేరు చదవండి. స్టిక్కర్ చెరిపేసి ఉంటే ఎందుకు చెరిపిన్రని అడగండి. తర్వాత ఆన్ చేసేటప్పుడు బయోస్‌లోకి పోండి. థింక్‌ప్యాడ్‌కు ఎఫ్1, డెల్‌కు ఎఫ్2, హెచ్‌పీకి ఎఫ్10. పాస్‌వర్డ్ అడిగితే అక్కడనే నమస్తే చెప్పి లేవండి. థింక్‌ప్యాడ్‌ల సూపర్‌వైజర్ పాస్‌వర్డ్ అంటే లోపలి చిన్న సెల్ తీసినా పోయేది కాదు. పైగా అసుంటి మిషన్ దొంగ సరుకై ఉండొచ్చు. దొంగ సరుకని తెలిసి కొంటే భారతీయ న్యాయ సంహిత 317వ సెక్షన్ కింద నేరం. మన పిల్లలకు పోలీసు స్టేషన్ల ఎసుంటి మర్యాద దొరుకుతదో వేరే చెప్పనవసరం లేదు, కాబట్టి సీరియల్ నంబర్ రాసిన బిల్లు లేకుండా ఇంటికి తేవద్దు.

విండోస్‌ల టాస్క్ మేనేజర్ తెరిచి, పర్ఫార్మెన్స్‌ల మెమరీ మీద నొక్కండి. ఎన్ని స్లాట్లు వాడిన్రో కనిపిస్తది. ఫారమ్ ఫ్యాక్టర్ అన్న దగ్గర "సోడిమ్" అని ఉంటే ర్యామ్ ఊడదీసి మార్చుకోవచ్చు. "రో ఆఫ్ చిప్స్" అని ఉంటే అది బోర్డుకు అతికించింది, ఇవాళ ఎంత ఉందో చచ్చేదాకా అంతే. అతికించిన 4 జీబీ అయితే ఉచితంగ ఇచ్చినా ఆలోచించాలె. అతికించిన 8 జీబీ అయితే మూడేండ్ల డిగ్రీ ఎట్లనో దాటుతది. స్టోరేజీ కూడా చూడండి. కొన్ని చవక సన్న మిషన్లల్ల ఈఎంఎంసీ అని 32 జీబీ, 64 జీబీ అతికించి ఉంటది. 2014ల వచ్చిన హెచ్‌పీ స్ట్రీమ్ ఆ జాతిదే. విండోస్ అప్‌డేట్‌కే దాంట్ల జాగ చాలదు.

బ్యాటరీకి నోటి మాట నమ్మేది లేదు. కమాండ్ ప్రాంప్ట్ తెరిచి ఇంగ్లిష్‌ల పి, ఓ, డబ్ల్యూ, ఇ, ఆర్, సి, ఎఫ్, జి అక్షరాలు కలిపి కొట్టి, ఒక ఖాళీ ఇచ్చి, స్లాష్ పెట్టి, బ్యాటరీ రిపోర్ట్ అనే రెండు మాటలను ఖాళీ లేకుండా కొట్టండి. ఒక ఫైల్ తయారైతది. దాంట్ల డిజైన్ కెపాసిటీ అంటే పుట్టినప్పటి బలం, ఫుల్ చార్జ్ కెపాసిటీ అంటే ఇప్పటి బలం. పుట్టినప్పుడు 48,000 ఉండి ఇప్పుడు 26,400 ఉంటే 55 శాతం మిగిలినట్టు. అట్లున్నది కొనొద్దని కాదు, కొత్త బ్యాటరీ ఖర్చు ధరల నుంచి తగ్గించమని అడగండి. ఆ మోడల్ బ్యాటరీ కరీంనగర్ల దొరుకుతదా అని ముందే ఫోన్ చేసి కనుక్కోండి. టచ్‌ప్యాడ్ పైకి లేచి ఉన్నా, మిషన్ బల్ల మీద సమంగ కూసోకున్నా బ్యాటరీ ఉబ్బిందేమో అనుమానపడాలె. ఉబ్బిన బ్యాటరీని ఒత్తి చూడొద్దు, అంటుకుంటది.

మిగతావి త్వరగ అయిపోతయి. ఒక వీడియో ఇరవై నిమిషాలు నడిపించి వేడి, ఫ్యాన్ చప్పుడు చూడండి. ప్రతి అక్షరం నొక్కి చూడండి. మూతను నెమ్మదిగ తెరిచి మూసి కీలు చూడండి. స్క్రీన్‌ను పక్క నుంచి చూడండి, రంగులు తిరగబడితే చవక స్క్రీన్, రాత్రంతా చదివితే కండ్లు గుంజుతయి. చార్జర్ పెట్టే రంధ్రం వదులైందా ఆడించి చూడండి.

ఇన్ని చెప్పినంక మీరు అడిగేది తెలుసు: ఇగ ఏది కొనాలె? ఎనిమిదో తరం లేదా ఆ తర్వాతిది, ర్యామ్ స్లాటు ఉన్నది. సన్నటి వాటిల డెల్ లాటిట్యూడ్ 7290కి స్లాటు ఒకటుంది, హెచ్‌పీ ఎలైట్‌బుక్ 830 జీ5కి రెండున్నయి. ఎక్స్280 అయితే అతికించిన ర్యామ్ 8 గాని 16 గాని ఉంటేనే. కానీ మమ్మల్ని అడిగితే అసలు అంత సన్నటిది మనకు అవసరమా అన్నది ఒకసారి ఆలోచించండి. 2018ల వచ్చిన థింక్‌ప్యాడ్ టీ480 ఉంది. ఎనిమిదో తరం, రెండు ర్యామ్ స్లాట్లు, లోపల బ్యాటరీ, బయట ఊడదీసే బ్యాటరీ. బరువు 1.6 కిలోల దగ్గర. తర్వాత వచ్చిన టీ490ల బయట బ్యాటరీ తీసేసిన్రు, కాబట్టి ఆ వరుసల అట్ల విప్పుకునే చివరిది ఇదే. స్క్రూలు వదులు చేస్తే వెనక మూత వస్తది, ర్యామ్, ఎస్‌ఎస్‌డీ చేతికందుతయి. సాంచా లెక్క. సన్నటి దాని కంటే మూడు నాలుగు వందల గ్రాములు ఎక్కువ, అంటే రెండు నోటుబుక్కుల బరువు. హాస్టల్ నుంచి తండాకు పండుగలకే కదా మోసుకపోయేది. చెల్లెళ్లల్ల రోజూ బస్సుల జగిత్యాల నుంచి నాచుపల్లికో, తండా నుంచి సిరిసిల్లకో పోయి వచ్చేటోళ్లుంటే వాళ్ల భుజం నొప్పి మేం చెప్పలేం, వాళ్లకు 7290 అసుంటిదే మంచిదేమో.

మేం అడిగిన షాపులల్ల కీబోర్డు, బ్యాటరీ, ఎస్‌ఎస్‌డీ మార్చేటోళ్లు జగిత్యాలల, సిరిసిల్లల దొరికిన్రు. బోర్డు పని అంటే అందరూ కరీంనగరో, హైదరాబాదో పంపుతమన్నరు. పంపితే వారమో, నెలనో తెలియదన్నరు.

కొనే ముందు గ్రూపుల మూత ఫోటో కాకుండా నాలుగు ఫోటోలు పెట్టండి: కింద స్టిక్కర్, టాస్క్ మేనేజర్ మెమరీ పేజీ, బ్యాటరీ రిపోర్ట్, బయోస్ మొదటి పేజీ. రాత్రి స్టడీ అవర్ అయినంక, తొమ్మిదిన్నర నుంచి మేం చూస్తం. షాపాయన అడ్వాన్సు అడిగితే రేపు ఇస్తమని చెప్పండి.